జానెడు మీద రెండు వేళ్లు

జూన్ 4

మామయ్యా,

చెవి మిషను బాగుచేయించుకోమని రాస్తే "వినాల్సినవన్నీ వినేశాను, ఇక మిగిలినవి విని ఏం చేయాలి" అని రాశావు. సరే, నీ ఇష్టం. మొన్న ఫోనులో నీకు వినపడాలని నేను అరిచిన అరుపులకి, కింద టైర్లకి పంక్చర్లు వేసే అతను చేతులు తుడుచుకుంటూ పైకొచ్చి "ఏమైందమ్మా, ఎవరికైనా ఏమైనా అయిందా?" అని అడిగాడు. ఇకమీదట ఉత్తరాలే నయం.

నా ఆఫీసు ఎలా ఉంటుందని అడిగావు. రెండు గదులు. ముందు గదిలో బల్ల, సూక్ష్మదర్శిని, ఆకులు ఎండబెట్టే పాత పేపర్ల దొంతర. వెనక గదిలో నేను. మెట్ల దగ్గర "తోటల సహాయ కేంద్రం" అని బోర్డు. మొదటి ఏడాది రైతులు చెప్పులు కూడా విడవకుండా గబగబా ఎక్కి వచ్చేవాళ్లు. ఇప్పుడు ఎవరూ రావడం లేదు. నేనే స్కూటరు మీద వాళ్ల తోటలకి వెళ్తున్నాను. నన్ను చూడగానే గేటు దగ్గర ఉన్నవాళ్లు కూడా లోపల ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్లిపోతారు.

ఈ లోయంతా నారింజే. నీకు తెలియంది కాదు, సగం మొక్కలు నీ దగ్గర కొన్నవే. రెండేళ్లుగా చెట్లకి ఒక తెగులు వచ్చింది. ఇక్కడివాళ్లు పచ్చరోగం అంటారు. ఆకు ఒక పక్క పసుపు, ఒక పక్క పచ్చ. పండు వంకరగా కాసి, కింద సగం పచ్చగానే ఉండిపోతుంది. నేను ఆకుని గరుకు కాగితంతో రుద్ది, ఆ పొడి నీళ్లలో కలిపి, అయోడిన్ చుక్క వేస్తాను. నీళ్లు నల్లబడితే ఆకుని పెద్ద ల్యాబుకి పంపుతాను. అక్కడినుంచి "ఉంది" అని వస్తే ఇంక మందు లేదు. చెట్టుని వేళ్లతో సహా పీకించాలి. లేకపోతే నువ్వుగింజంత పురుగు ఒకటి దాని రసం తాగి పక్క చెట్టు మీద వాలుతుంది.

ఎండ ఉన్నా లేకపోయినా గొడుగు వదలని ముసలావిడ ఒకరున్నారు, అందరూ గొడుగు అవ్వ అంటారు. నూట నలభై చెట్లు. ఒక్క మనిషి. నిరుడు మొగుడు పోయాడు. పోయిన వారం ఆవిడ తోటలో ముప్ఫై ఒక్క చెట్టుకి ఎర్ర రంగు గుర్తు పెట్టాను. నా వెనకాలే నడిచి, ఆఖరి చెట్టు దగ్గర "నువ్వు చెట్లకి డాక్టరువా, కాటికాపరివా?" అంది. నవ్వాను. స్కూటరు దాకా వచ్చాక ఏడుపొచ్చింది.

ఇవన్నీ ఎందుకులే. ఒకటి అడుగుతాను. ఈ నాలుగైదేళ్లుగా నువ్వు కడుతున్న నారింజ అంట్లకి అతికించే మొగ్గ, అదే కన్ను, ఏ చెట్టునుంచి తీస్తున్నావు? ఊరికే, తెలుసుకుందామని.

వేళకి తిను.

నీ మేనకోడలు

*

జూన్ 13

అమ్మడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి ఆఖరి నాలుగు లైన్లే చదివాను.

మీ అమ్మ పోయాక ఆరేళ్ల పిల్లవి నా దగ్గరికొచ్చావు. అంట్లు కడుతుంటే పక్కన కూచుని దారం అందించేదానివి. తర్వాత చదువులు, ఉద్యోగం. సూక్ష్మదర్శిని వచ్చాక మామయ్య కత్తి నీ కంటికి ఆనలేదు. తప్పనడం లేదు. కానీ ఇన్నేళ్లలో నా పని గురించి నువ్వు అడగడం ఇదే మొదలు.

చెప్తాను. ఇది ఎవరికీ చెప్పలేదు.

మీ అత్తయ్య ఆసుపత్రిలో ఉన్న ఆఖరి రెండు నెలలు నోట్లో ఏది పెట్టినా కక్కేసేది. ఆసుపత్రి వెనకాల, బట్టలు ఆరేసే చోట, ఒక నారింజ చెట్టు ఉండేది. ఎవరు పెట్టారో తెలియదు, పట్టించుకునేవాళ్లు లేరు. ఒకరోజు ఏమీ తోచక ఒక పండు కోసి, తొనల పొర తీసి నోట్లో పెట్టాను. మింగింది. "ఇంకోటి" అంది. నలభై రోజులు ఆ చెట్టు పళ్ల మీదే బతికింది. పోయిన రోజు పొద్దున కూడా రెండు తొనలు తింది. కాగితాల మీద సంతకాలు పెట్టి బయటికొచ్చాక, నా కాళ్లు ఇంటివైపు పోలేదు. చెట్టు దగ్గరికి పోయి, ఒక పుల్ల కోసి, తడిగుడ్డలో చుట్టి తెచ్చుకున్నాను. మా పెరట్లో బావి పక్కనున్న చెట్టు అదే. అయిదేళ్లుగా నా నారింజ అంట్లన్నిటికీ తల్లి అదే. మనుషులు ఆ పళ్లు తిని తీపిగా ఉన్నాయంటుంటే నాకేదో తృప్తి.

ఇంక నీ సంగతి. నువ్వు రాయనిది కూడా చదవగలను. గేటు దగ్గర మొహం తిప్పుకునేవాళ్ల మధ్య, పంక్చర్ల కొట్టు మీద, ఒక్కదానివి. అలసిపోయావు. నా తర్వాత ఈ నర్సరీ ఎవరిది అని నేను ఎప్పుడూ అడగలేదు. నువ్వే దారి వెతుక్కుంటూ వస్తున్నావు. సంతోషం.

గొడుగు అవ్వ విషయం మనసుని పట్టేసింది. ఒంటి మనిషి కష్టం ఒంటి మనిషికే తెలుస్తుంది. లారీ అతను మీ లోయవైపే వెళ్తుంటే ఇరవై మంచి అంట్లు ఎక్కించి పంపాను. చెట్ల డాక్టరు మామయ్య పంపాడని చెప్పమన్నాను. ఇకనుంచి నిన్ను కాటికాపరి అనదులే.

నీ మామయ్య

*

జూన్ 22

మామయ్యా,

నీ ఉత్తరం నిన్న అందింది. అందగానే అవ్వ తోటకి పరిగెత్తాను. అప్పటికే పాతేసింది. నేను గుర్తు పెట్టి పీకించిన గుంటల్లోనే, ఇరవై. ఒక్కో మొక్కకి ఒక్కో పుల్ల ఊతం, పాత చీర పేలికతో కట్టింది. ఇంతకాలానికి నాకు కుర్చీ వేసింది. "మీ మామయ్య మనసున్నవాడు. నీకు ఆయన పోలిక కొంచెం రావాల్సింది" అంది.

కుర్చీలో కూచుని నీళ్లు తాగాను.

అత్తయ్య గురించి నువ్వు రాసింది చదివాను. దాని గురించి ఇప్పుడు రాయలేను.

మామయ్యా, నా మాట విను. ఇంక ఎవరికీ మొక్కలు పంపకు. కొన్నాళ్లు అమ్మకం కూడా ఆపెయ్. ఎందుకని అడగకు. నేనే వచ్చి చెప్తాను. ఉత్తరంలో రాసే విషయం కాదు.

నీ మేనకోడలు

*

జూన్ 30

అమ్మడూ,

"నేనే వచ్చి చెప్తాను." ఈ ఒక్క ముక్క చాలు. మిగతాది నేను ఊహించుకోలేనా?

అమ్మకం ఆపేశాను. నువ్వొచ్చేసరికి నర్సరీ నిండుగా ఉండాలనేగా. ఇద్దరు బేరగాళ్లు వస్తే "మా మేనకోడలు వస్తోంది, ఇకనుంచి బేరం ఆవిడతోనే" అని తిప్పి పంపాను. వాళ్లలో ఒకడు "చెట్ల డాక్టరా? అయితే మొక్కలు చీటీ రాసి అమ్ముతుందా?" అని వెక్కిరించాడు. వెక్కిరించనీ.

నీ పాత గదికి సున్నం వేయించాను. కిటికీ రెక్క బిగుసుకుపోతే నేనే చిత్రిక పట్టాను. నీ సూక్ష్మదర్శినికి వెలుతురు కావాలి కదా, బల్ల ఆ కిటికీ కిందికి జరిపాను. బోర్డు కూడా కొత్తది రాయించాను. "మామ–మేనకోడలు అంటు మొక్కలు". రాసినవాడు 'మేనకోడలు'లో 'న' మరిచిపోయి 'మేకోడలు' అని రాశాడు. చూసి ఎంత నవ్వానో. నవ్వి చాలా రోజులైంది. ఎండాక దిద్దుతానన్నాడు.

ఏ తారీకున వస్తావో రాయి.

మామయ్య

*

జూలై 9

మామయ్యా,

నువ్వు సున్నం వేయించావు. నేను రెండు నెలలకి పైగా ఒక మాట దాచుకుని కూచున్నాను. ఇంకో రోజు ఆగితే నువ్వు ఇంకో గోడకి వేయిస్తావు. అందుకే రాస్తున్నాను.

నేను నర్సరీ చూసుకోడానికి రావడం లేదు.

ఏప్రిల్‌లో లోయలో జబ్బు చెట్ల పటం గీస్తున్నాను. పురుగు తెచ్చే జబ్బైతే తోట గట్లమీద మొదలై లోపలికి పాకుతుంది. ఇక్కడ అలా లేదు. తోట నడుమ, అక్కడొకటి ఇక్కడొకటి, అన్నీ ఒకే ఈడు చెట్లు. అంటే జబ్బు మొక్కతో పాటే వచ్చింది. ఒక చెట్టు మొదట్లో కూచుని అంటు కట్టిన మచ్చ ఎక్కడుందో చూశాను. నేలకి జానెడు మీద రెండు వేళ్లు. పక్క చెట్టూ అంతే. దాని పక్కదీ అంతే. వేరేవాళ్లెవరూ అంత ఎత్తున కట్టరు. "వాన చినుకు మట్టి ఎగరగొట్టి అంటుకి తగలకూడదు, జానెడు చాలదు, ఇంకో రెండు వేళ్లు" అని చిన్నప్పుడు నా చెయ్యి పట్టి కొలిపించింది నువ్వే. ఆ మట్టిలో కూచుని నీ చెయ్యి గుర్తుపట్టాను.

కాదేమో అని ఇంకో పది తోటలు తిరిగాను. పదకొండు తోటల్లో ల్యాబు "ఉంది" అన్న చెట్లు నూట అరవై. అందులో నూట నలభై మూడు నీవి. అవ్వకి నువ్వు పంపిన ఇరవైలో కూడా పద్నాలుగుకి ఉందని తేలింది.

ఆసుపత్రి చెట్టుకే జబ్బుందో, నీ పెరట్లో పురుగు అంటించిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కానీ బావి పక్క చెట్టునుంచి ఇంకో కన్ను తియ్యకూడదు. నర్సరీలో ఉన్న నారింజ అంట్లన్నీ తగలబెట్టాలి. రూలు అది. నోటీసు వెళ్తుంది, నా సంతకంతో. ఈ లోయకి ఈ పని చూసే మనిషిని నేనొక్కదాన్నే. నోటీసుకంటే ముందు నా మాట నీకు అందాలని ఈ ఉత్తరం ఇవ్వాళే పోస్టు చేస్తున్నాను.

సెలవు అడిగాను. ఈ తనిఖీలు అయ్యేదాకా కుదరదన్నారు.

మామయ్యా, కోప్పడు. కానీ రాయి.

నీ మేనకోడలు

*

జూలై 12

గౌరవనీయులైన అధికారిణి గారికి,

తమరు పంపిన నోటీసు నిన్న మధ్యాహ్నం మోటారు సైకిలు మీద వచ్చిన మనిషి ఇచ్చి, సంతకం తీసుకుని వెళ్లాడు. సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించాడు. పైన తమరి సంతకం ఉంది. 'య' తోక పొడుగ్గా లాగడం ఇంకా మానలేదు మీరు.

నోటీసు రెండో పేజీలో ఇలా ఉంది: "కన్ను సేకరించిన చోటు: ఆసుపత్రి ఆవరణలోని చెట్టు. ఆధారం: యజమాని స్వయంగా రాసిన ఉత్తరం."

ఆధారం!

ఏడేళ్లు నా లోపల దాచుకున్న మాట నీకు రాశాను. ఎవరో పరాయిదానికి కాదు, మా ఆవిడ చేతి ముద్ద తిని పెరిగిన పిల్లకి. నువ్వు దాన్ని గడిలో నింపావు. "ఊరికే, తెలుసుకుందామని" అన్నావే, అది రాసింది మేనకోడలా, ఆఫీసరమ్మా? ఆఫీసరమ్మయితే ముందే చెప్పాల్సింది, నేనూ ఆఫీసరమ్మకి రాసినట్టే రాసేవాణ్ని.

ఆమె నోట్లో పెట్టింది జబ్బు పండని కాగితం మీద రాసి పంపావు.

గది తాళం వేశాను. ఉత్తరాలు రాయొద్దు. తనిఖీకి ఎవరినైనా పంపుకో, నువ్వు మాత్రం రాకు.

*

జూలై 20

మామయ్యా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను.

నా తొమ్మిదో తారీకు ఉత్తరం నోటీసు వెనకాల చేరిందని పోస్టాఫీసులో అడిగితే తెలిసింది. ఇక్కడి టపా సంచి రెండు రోజులు కదల్లేదట. మోటారు సైకిలు కదిలింది. అది నా ఖర్మ, ఎవరినీ అనను.

నోటీసు పంపినందుకు క్షమాపణ అడగను. అది పంపకపోతే ఇంకో పదకొండు తోటలు పోతాయి. కానీ నిన్ను అడిగిన తీరు తప్పు. "మామయ్యా, నీ మొక్కల్లో జబ్బుందని అనుమానంగా ఉంది, కన్ను ఎక్కడిది?" అని సూటిగా అడిగితే నువ్వు నిజమే చెప్పేవాడివి. నాకు ధైర్యం చాలక ముద్దుగా అడిగాను. నువ్వు ముద్దుగా చెప్పావు. దాన్ని గడిలో రాసేటప్పుడు పెన్ను ఆగింది. "ఆధారం" అన్న గడి ఖాళీగా వదిలితే పైవాళ్లు తిప్పి పంపుతారు. అందుకని నింపాను. ఆ పని చేసిన చేతిని వెనకేసుకుని రావడం లేదు.

ఒకటి మాత్రం నిజం. ఆ జబ్బు మనుషులకి ఏమీ చెయ్యదు. చెట్టుకే. అత్తయ్యకి ఆ పండు పండే, మామయ్యా. నలభై రోజులు నువ్వు ఇచ్చింది తిండే.

నిన్న అవ్వ తోటలో నువ్వు పంపిన ఇరవై మొక్కలూ పీకేశాను. కూలీలు ఎవరూ రాలేదు. నేనే పీకాను. ఆవిడ గొడుగు కింద కూచుని చూసింది. పేలికలు విప్పి, ఉతికితే పనికొస్తాయని మడత పెట్టుకుంది. పద్నాలుగుకే జబ్బుందిగా, మిగతా ఆరూ ఉంచమంటుందేమో అనుకున్నాను. అడగలేదు. నేను వెళ్లేటప్పుడు "మీ మామయ్యకి చెప్పు. ఇచ్చిన చెయ్యి మంచిదే, మొక్కే మంచిది కాదు" అంది. చెప్తున్నాను.

కుర్చీ మాత్రం మళ్లీ వెయ్యలేదు.

నీ మేనకోడలు

*

ఆగస్టు 6

మామయ్యా,

నిన్న సాయంత్రం పంక్చర్ల అతను పైకొచ్చాడు. "మీవాళ్లెవరైనా ముసలాయన ఉన్నారా? వినపడదు, భుజానికి గుడ్డ సంచి" అన్నాడు.

నువ్వు వచ్చావట. సోమవారంనుంచి లోయలో తిరుగుతున్నావట. చేతిలో పాత రాతపుస్తకం పట్టుకుని, ఎవరికెన్ని మొక్కలిచ్చావో చూసుకుని, ఒక్కో గేటు దగ్గర ఆగి "నా మొక్కల్లో జబ్బుంది, నేనే ఇచ్చాను" అని చెప్తున్నావట. నిన్న మా మెట్ల కింద నిలబడి బోర్డంతా చదివావట. అతను "పైకెళ్లండి, మేడమ్ ఉన్నారు" అని రెండుసార్లు అరిచాడట. నువ్వు తల ఊపి, బస్సు స్టాపు వైపు వెళ్లిపోయావట.

నేను పైనే ఉన్నాను మామయ్యా. బల్ల దగ్గర కూచుని ఆకులు రుద్దుతున్నాను. కిటికీలోంచి తొంగి చూస్తే కనిపించేవాడివి.

ఇవ్వాళ నాలుగు తోటలకి వెళ్లాను. మొదటిసారి ఎవరూ లోపలికి పోలేదు. ఒకాయన తనంతట తానే ఆకులు కోసి తెచ్చి చూపించాడు. నీ పేరెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఎందుకు ఎక్కలేదు?

*

ఆగస్టు 19

అమ్మడూ,

మెట్లు పద్నాలుగే. ఎక్కలేక కాదు. ఎక్కితే నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏం చెప్పి ఏడుస్తున్నావో నాకు వినపడదు. చూస్తూ నిలబడాలి. మీ అత్తయ్య దగ్గర ఆ పని నలభై రోజులు చేశాను. మళ్లీ చేసే ఓపిక లేదు. అందుకే ఎక్కకుండానే వెళ్లిపోయాను.

ఇంకోటి కూడా ఉంది. అది చెప్పడానికే ఈ ఉత్తరం. రెండేళ్ల కిందట బావి పక్క చెట్టుకి ఒక కొమ్మ మీద పళ్లు వంకరగా కాశాయి. ఒకటి కోసి చూశాను. గింజలు నల్లగా, ముడుచుకుని ఉన్నాయి. చేదు. నీళ్లు చాల్లేదు అనుకున్నాను. అనుకోలేదు, అలా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ కొమ్మ కోసి పారేసి, మిగతా కొమ్మలనుంచి కన్ను తీశాను. నలభై ఏళ్లు మొక్కలతో బతికినవాడికి అది తెలియదా? తెలుసు. ఆ చెట్టు జబ్బుదని ఒప్పుకుంటే ఆమెని రెండోసారి సాగనంపినట్టు ఉంటుందని ఒప్పుకోలేదు. నువ్వు నన్ను మాయచేసి అడిగావని తిట్టాను. నేను రెండేళ్లు ఆ పదకొండు తోటలని మాయ చేశాను. నీది పెద్ద తప్పేమీ కాదు.

అందుకే తిరిగాను. ముగ్గురు గేటు వేసేశారు. ఒకాయన తిట్టాడు, పెదాలు చూస్తే తెలిసింది, వినపడకపోవడం ఒక్కోసారి మంచిదే. ఒకావిడ మంచినీళ్లిచ్చింది. గొడుగు అవ్వ మాత్రం నన్ను తోటంతా తిప్పి, ఖాళీ గుంటలు ఒక్కొక్కటీ చూపించింది. ఆఖర్న గొడుగు నా మీదికి కొంచెం జరిపింది. ఇద్దరం కాసేపు అలాగే నిలబడ్డాం. ఆవిడ ఏదో చెప్పింది. నేనూ ఏదో చెప్పాను. ఒకరిది ఒకరికి ఎంత అర్థమైందో తెలియదు.

మీ తనిఖీ మనిషి వచ్చేలోపలే బావి పక్క చెట్టు నేనే కొట్టాను. ఒక పూట పట్టింది. నర్సరీలో అంట్లు పీకడానికి ఆరు రోజులు. మూడు రోజుల కిందట తగలబెట్టారు. మీ మనిషి కాగితం మీద "పూర్తయింది" అని రాసి, బోర్డు చూసి "మేకోడలు అంటే ఏంటండీ?" అన్నాడు. దిద్దించలేదని గుర్తొచ్చింది. దించేశాను.

ఇప్పుడు పెరడంతా ఖాళీ. పొద్దున లేచి నీళ్లు పట్టడానికి పైపు తీశాను, ఎక్కడ పట్టాలో తెలియక మళ్లీ చుట్టి పెట్టాను. అన్నం వండితే ఎక్కువ మిగులుతోంది, పనిలేకపోతే ఆకలి వెయ్యదని ఈ వయసులో తెలిసింది. నీ గది తాళం తీశాను. ఊరికే, గాలి ఆడాలని.

ఒక వింత చెప్తాను. ఇన్నేళ్లూ మొక్కల వరసలు అడ్డుండి వసారాలోంచి రోడ్డు కనిపించేది కాదు. ఇప్పుడు సూటిగా కనిపిస్తోంది. నాలుగు గంటల బస్సు మన గేటు ఎదురుగా ఆగడం వసారాలోంచే చూడొచ్చని నాకు నిన్నే తెలిసింది. దిగేవాళ్ల మొహాలు కూడా తెలుస్తున్నాయి. నిన్న ముగ్గురు దిగారు. ఇవ్వాళ ఇద్దరు.

తారీకు రాయక్కర్లేదు. సెలవు ఎప్పుడిస్తే అప్పుడే. నాలుగింటికి నేను ఎలాగూ వసారాలోనే ఉంటున్నాను.

మామయ్య